మధ్య మెట్టు కింద కొలత

దుర్భిణమ్మ అసలు పేరు జీతాల రిజిస్టర్లో ఎక్కడో ఉండే ఉంటుంది గానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. ఉప్పు ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళ సర్వీసు. మూడు కాళ్ళ స్టాండు మీద లెవెల్ యంత్రం బిగించి, ఒక కన్ను మూసి, రెండో కన్ను గొట్టానికి ఆనించి, నేల ఏ చోట ఎంత ఎత్తులో ఉందో కొలవడం ఆవిడ పని. అవతల ఇంకో మనిషి అంకెలు వేసిన పొడుగాటి కర్ర పట్టుకుని నిలబడతాడు. ఈవిడ చదువుతుంది, పుస్తకంలో రాసుకుంటుంది. అంతే పని. చెప్పుకోవడానికి తేలిక, ఎండలో నిలబడితే తెలుస్తుంది.

యంత్రం పాతకాలంది. అందులోంచి చూస్తే ప్రతిదీ తలకిందులుగా కనిపిస్తుంది. నేల పైన ఉంటుంది, మనుషులు దాన్ని పట్టుకుని కిందికి వేలాడుతుంటారు. కొత్తది కొనమని మొత్తుకుంటే, "ఇది పని చేస్తోందిగా" అంటాడు మేనేజరు. ఆవిడ కన్ను ఎంత అలవాటు పడిపోయిందంటే, తిరగబడ్డ అంకెల్ని మనం గడియారం చూసినంత సులువుగా చదివేస్తుంది.

పద్నాలుగున్నరేళ్ళు ఆ కర్ర పట్టింది ఆవిడ బావ, అంటే అక్క మొగుడు. నోరు ఊరుకునేది కాదు ఆయనకి. "ఏం మరదలా, లోకమంతా నన్ను నిలబెట్టి చూస్తుంటే నువ్వొక్కదానివి తలకిందులు చేసి చూస్తావేం?" అనేవాడు. "అలా చూస్తేనే కాస్త మనిషిలా ఉంటావు బావా" అని ఈవిడ. ఎడమ బూటుకి తాడు తెగిపోతే ఆకుపచ్చ కరెంటు వైరు కట్టుకుని రెండేళ్ళు తిరిగాడు, కొత్త తాడు కొనుక్కోలేదు. కానీ కర్ర పట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. దూరం ఎక్కువై అంకెలు ఆనకపోతే బొటనవేలు కర్ర మీద పాకిస్తూ పోయేవాడు. ఈవిడ చెయ్యెత్తగానే వేలు ఆపేవాడు. ఆపిన చోటే కొలత. వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు.

ఆర్నెల్ల కిందట ఒక పొద్దున పంపు షెడ్డులో వాల్వు కట్టేయడానికి వెళ్ళాడు. షెడ్డు కింద నేల నోరు తెరిచింది. షెడ్డూ లేదు, బావా లేడు. రెండ్రోజుల్లో ఆ గుంటని కంకరతో నింపేసి, "పని మానేసి వెళ్ళిపోయాడు" అని రిజిస్టర్లో రాసుకున్నారు. శవం లేదు కాబట్టి చావూ లేదన్నమాట. అదీ వాళ్ళ న్యాయం.

అసలు ఆ ఊరు నది పక్కన మూడు మెట్లుగా ఉంటుంది. ఎవరో కట్టిన మెట్లు కావు. నది తన అడుగుని తానే కోసుకుంటూ కిందికి దిగేకొద్దీ పాత అడుగు ఒడ్డున ఎత్తుగా మిగిలిపోతుంది. అలా ఎన్నో వేల ఏళ్ళకి ఒక మెట్టు. పై మెట్టు మీద ఆఫీసు, మధ్య మెట్టు మీద పనివాళ్ళ ఇళ్ళు పదకొండు, కింది మెట్టు మీద పొలాలు. ఎక్కడ తవ్వినా నున్నటి గులకరాళ్ళే, ఒకప్పుడు అక్కడ నీళ్ళు పారాయని.

మధ్య మెట్టు మాత్రం సరిగా ఉండదు. పాత మంచంలా నడుం దగ్గర దిగబడి ఉంటుంది. కింద రాయిలాంటి ఉప్పు పొర ఉంది. నది నీళ్ళు ఇంకి ఆ ఉప్పు కరుగుతుంది, పైన నేల కుంగుతుంది. నది ఆ పని తరాల తరబడి, నింపాదిగా చేస్తుంది. ఫ్యాక్టరీకి అంత ఓపికేదీ? బోర్లు వేసి, మంచినీళ్ళు లోపలికి తోసి, ఉప్పుని కరిగించి, ఆ ఉప్పునీళ్ళు పైకి లాగుతుంది. ముప్పై ఏళ్ళుగా లాగుతూనే ఉంది. మరి లాగేసిన చోట ఏం మిగిలింది సార్ అని అడిగితే మేనేజరు ముఖం ముటముటలాడుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన ఆవిణ్ణి పిలిపించాడు. "సోమవారం మధ్య మెట్టు ఇళ్ళ వెనకే కొత్త బోరు. ఇవాళ సాయంత్రం ఆరింటికి నీ రిపోర్టు కావాలి. నేలలో మార్పు లేదు అని రాసి సంతకం పెట్టు."

"కొలవకుండానే తెలిసిపోయిందా సార్?"

"పోయిన వారం రెండు సెంటీమీటర్లు కుంగిందని రాశావు. నీ యంత్రం పాతదమ్మా, అది అలాగే చూపిస్తుంది."

కొత్తది కొనమంటే ఒక మాట, ఇప్పుడొక మాట. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఆ పదకొండు ఇళ్ళలో చివరిది అక్కది. బావ పోయాక అక్క ఆ గుమ్మం కదల్లేదు. ఊళ్ళో అందరూ చచ్చాడన్నారు, ఆఫీసువాళ్ళు పారిపోయాడన్నారు. అక్క ఎవరి మాటా చెవిన వేసుకోలేదు. "వస్తే ఈ ఇంటికే వస్తాడు. నేను లేకపోతే ఎవరు తలుపు తీస్తారు?" అని భీష్మించుకు కూర్చుంది. కింద నేల గుల్లయిపోతే అక్క గతేంటి? అందుకే దుర్భిణమ్మ యంత్రం భుజానికెత్తుకుంది.

మూడున్నరకి పని మొదలుపెట్టారు. మబ్బు పట్టి ఉంది. నది మీదనుంచి పల్చటి మంచు పాకుతూ వీధిలోకి వస్తోంది. గాలిలో తుప్పు వాసన, తడి సున్నం వాసన, అడుగున ఉప్పు. పంపుల హోరు మాత్రం ఎప్పట్లాగే ఉంది. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి ఆ హోరు వినపడదు కూడా.

బావ తర్వాత కర్ర పట్టడానికి వచ్చినాయన పెద్దవాడు, మితభాషి. ఎత్తు చూసి అందరూ పొడుగన్న అంటారు. వీధి చివర ఎత్తు మీద దుర్భిణమ్మ యంత్రం బిగించింది. పొడుగన్న ఒక్కో గుమ్మం ముందూ కర్ర నిలబెడుతూ పోయాడు. మొదటి మూడిళ్ళూ సాఫీగా అయిపోయాయి. నాలుగో ఇంటి దగ్గర ఆయన ఆగి, కాలితో నేలని రెండుసార్లు తట్టాడు.

"అమ్మా, ఇక్కడ చప్పుడు తేడాగా ఉంది."

"తేడా అంటే?"

"చెక్క మీద నడిచినట్టుంది."

ఆవిడ తలొంచి గొట్టంలోకి చూసింది. కర్ర కనిపించింది. దాని మీద బొటనవేలు, సరిగ్గా గీత మీద. ఒకటీ నలభై. హమ్మయ్య, ఇవాళ కన్ను బాగా ఆనుతోంది, ఎంత తేలిగ్గా చదివేశానో అనుకుంటూ పుస్తకంలో రాసేసుకుంది. చాలు, ముందుకెళ్ళమని చెయ్యెత్తి తల పైకెత్తింది.

నాలుగో ఇంటి ముందు ఎవరూ లేరు.

పొడుగన్న పక్కనున్న కుళాయి దగ్గర వంగి దోసిలితో నీళ్ళు తాగుతున్నాడు. కర్ర ఆయన భుజం మీదే ఉంది.

అంత తేలిగ్గా ఎలా చదివింది? అప్పుడు తట్టింది ఆవిడకి. అంకెలు తిన్నగా ఉన్నాయి. పదిహేనేళ్ళలో ఒక్కనాడూ ఆ గొట్టంలో అంకె తిన్నగా కనిపించలేదు.

మళ్ళీ కన్ను పెట్టింది. ఫోకస్ మర తిప్పింది… నేల గీతలా అడ్డంగా ఉంది. ఎప్పుడూ దాని కింద మనుషులు వేలాడుతూ కనపడతారు. ఇప్పుడు దాని పైన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నిటారుగా. బూట్లు నేలకి ఆనించి, కర్ర పట్టుకుని. ఎడమ బూటుకి ఆకుపచ్చ వైరు. ఛాతీ దాకా కనిపిస్తోంది, ఆపైన గొట్టంలో పట్టలేదు. ముఖం పట్టనందుకు దేవుడికి మనసులో దణ్ణం పెట్టుకుంది.

గొట్టంలో తిన్నగా కనిపించేది బయట తలకిందులుగా ఉండాలి. మనం నేలకి ఈ వైపు నిలబడితే ఆయన ఆ వైపు నిలబడ్డాడు. అరికాళ్ళకి అరికాళ్ళు ఆనించి. తల కిందికి… ఆ ఖాళీలోకి.

"పొడుగన్నా," అంది. "సామాన్లలో గుర్తులు గీసిన ఇనుప చువ్వ ఉందిగా, అది తీసుకుని నాలుగో ఇంటి ముందు దించు. గుర్తులు చూసుకుంటూ దించు."

ఆయన ప్రశ్నలు అడిగే రకం కాదు. ఆవిడ దగ్గరికి వచ్చేసరికి సుత్తితో కొడుతున్నాడు. గులకరాళ్ళ మధ్య చువ్వ కరకరలాడుతూ, మొరాయిస్తూ దిగింది. మీటరు. మీటరూ ఇరవై. మీటరూ నలభై, ఇందాక రాసుకున్న అంకే… ఒక్కసారి చువ్వ చేతిలోంచి జారిపోయింది. మొత్తం. ఇద్దరూ చెవులు రిక్కించారు. ఒకటి… రెండు… మూడు… నాలుగు… కింద పడ్డ చప్పుడు రాలేదు. ఆ చిన్న కన్నంలోంచి చల్లటి గాలి పైకి వచ్చింది. కాసేపాగి లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది.

"అమ్మా… ఇది ఊపిరి తీస్తోంది," అన్నాడు పొడుగన్న గుసగుసగా. "పోదాం పదమ్మా."

ఆవిడ అప్పటికే యంత్రం వైపు తిరిగింది. "భయమేస్తే తర్వాత వెయ్యనీ. ముందు కొలత కానిద్దాం. నువ్వు ఇంటింటికీ తలుపు కొట్టు. అందర్నీ పై మెట్టెక్కించు. కట్టుబట్టలతో రమ్మను. ఎవరైనా తిడితే నా పేరు చెప్పి తిట్టించుకో."

ఒక పక్క జనం గొణుక్కుంటూ, పొయ్యి మీద గిన్నెలు దించుకుంటూ, పిల్లల రెక్కలు పట్టి లాక్కుంటూ బయటికొచ్చారు. ఇంకో పక్క ఆవిడ గొట్టంలోకి చూస్తూ రాసుకుంటూ పోయింది. ఐదో ఇల్లు, ఒకటీ పది. ఆరో ఇల్లు, తొంభై. గొట్టంలోని మనిషి ఒక్కో గుమ్మం కిందికీ నడిచి వచ్చి నిలబడుతున్నాడు. బొటనవేలు కర్ర మీద పాకుతోంది. ఆవిడ చెయ్యెత్తగానే ఆగుతోంది. అదే వేలు, అదే నేర్పు. ఏడుపొచ్చింది ఆవిడకి. ఏడుస్తూనే రాసింది.

ఏడో ఇంటి దగ్గర ఫోను మోగింది. మేనేజరు.

"వీధి ఖాళీ చేయిస్తున్నావట? ఎవర్నడిగి?"

"సార్, నేల మందం మీటరు కూడా లేదు. కిందంతా బోలు."

"ఎవరు కొలిచారు?"

బావ అని నోటి చివరిదాకా వచ్చింది. "నేనే."

"మార్పు లేదు అని రాయి. లేకపోతే రేపట్నించి నీకు ఉద్యోగం ఉండదు."

"నేలే ఉండనంటోంది సార్. ఇంక ఆ ఉద్యోగం ఎక్కడ పెట్టుకోను?" అని ఫోను కట్టేసింది.

చివరి ఇల్లు మిగిలింది. అక్క గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. వీధంతా పరిగెడుతున్నా ఆవిడకి చీమ కుట్టినట్టు లేదు. దుర్భిణమ్మ గొట్టం అటు తిప్పింది. వైరు కట్టిన బూటు సరిగ్గా అక్క కూర్చున్న చోటి కిందే ఉంది. బొటనవేలు ముప్పై మీద. ముప్పై సెంటీమీటర్లు. జానెడు, ఆపైన కాస్త.

యంత్రం దగ్గర్నించే అరిచింది. "అక్కా! లేచి రా!"

"నేను రానని ఎన్నిసార్లు చెప్పాలే?"

"ఇల్లు వదిలెయ్యమని అడగను. ఒక్కసారి వచ్చి ఇందులో చూసి పో. బావ ఉన్నాడు."

కత్తిపీట పక్కకి పడింది. అక్క చెంగు సర్దుకోకుండా పరిగెత్తుకొచ్చి గొట్టానికి కన్ను ఆనించింది. చాలాసేపు చూసింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకుంది దుర్భిణమ్మ. కాదు, నవ్వుతోంది.

"చూశావా! నిక్షేపంలా నిలబడి ఉన్నాడు. ఆ దరిద్రపు వైరు ఇంకా తీయలేదు చూడు. ఇంతమందీ నన్ను పిచ్చిదాన్ని చేశారు కదే!"

ఆ మాటకి చెల్లెలి గుండె చెరువైపోయింది. అక్కకి యంత్రం సంగతి తెలీదు. తిన్నగా కనపడితే బాగున్నాడనుకుంది.

"అక్కా… ఇప్పుడు పొడుగన్నని చూడు ఇందులోంచి."

అక్క గొట్టం పక్కకి తిప్పింది. చూసింది. తల పైకెత్తి పొడుగన్నని మామూలు కంటితో చూసింది. మళ్ళీ గొట్టంలోకి చూసింది. నవ్వు మెల్లగా ఆగిపోయింది. ఇంక ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

మళ్ళీ గుమ్మం వైపు తిప్పి, "నన్ను పిలుస్తున్నాడే," అంది సన్నగా.

దుర్భిణమ్మ కన్ను పెట్టి చూసింది. నిజమే. వేలు కర్ర మీద లేదు. ఆ చెయ్యి నెమ్మదిగా ఊగుతోంది. రా… రా… అని.

అక్క కదిలింది. చెల్లెలు ఆవిడ నడుం రెండు చేతులా కరిచి పట్టుకుంది. భయం ఎక్కడికి పోయిందో పోయింది, దాని చోట ఎక్కడలేని కోపం వచ్చింది.

"బావా!" అని నేలకేసి అరిచింది. "కొలత చెప్పడం వరకే నీ డ్యూటీ. అది నువ్వు చేశావు, నేను రాసుకున్నాను. అక్కని మాత్రం ఇవ్వను. నువ్వయినా సరే, నీ వేషంలో ఇంకెవడున్నా సరే. ఇవ్వనంటే ఇవ్వను!"

వీధిలో పంపుల హోరు ఆగిపోయింది. ఎవరు కట్టారో తెలీదు. ఆ హోరు లేకపోతే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో వాళ్ళకి అప్పుడే తెలిసింది.

అక్క పెనుగులాడటం మానేసింది. "వదులు," అంది. "వెళ్ళనులే. ఆర్నెల్లు ఎందుకు కూర్చున్నాను? ఇంటికి దారి తెలియాలని. వచ్చాడుగా. ఇంటి కిందికే వచ్చాడు. ఇంక నేను కూర్చోనక్కర్లేదు." కళ్ళు తుడుచుకుంది. "తలుపు తీసే ఉంది. ఉండాలనుకుంటే ఆయన్నే ఉండమను."

గొట్టంలో చెయ్యి ఊగడం ఆగింది. వేలు మళ్ళీ కర్ర మీదకి వచ్చింది. ఇరవై… పది… నాలుగు…

"పరిగెత్తండి!"

పొడుగన్న చివరి ఇంటి పక్కన నడవలేక మిగిలిపోయిన ముసలాయన్ని వీపు మీదకెత్తుకుని, చేతిలో కర్ర అక్కడే పారేసి, ఏటవాలు దారెక్కాడు. అక్కాచెల్లెళ్ళు యంత్రాన్ని స్టాండుతో సహా మోసుకుంటూ వెనకాలే ఎక్కారు. వీధి కూలిన చప్పుడు పిడుగులా రాలేదు. ఎవరో పెద్ద నిట్టూర్పు విడిచినట్టు వచ్చింది. కరెంటు స్తంభాలు ఒకదానికేసి ఒకటి వంగాయి. గులకరాళ్ళు వానలా జారాయి. పదకొండు ఇళ్ళూ, తెరిచిన తలుపుతో సహా, కిందికి దిగిపోయాయి. కాసేపటికి అడుగునుంచి ఉప్పునీళ్ళు ఊరుతూ పైకి వచ్చి కదలకుండా నిలిచాయి.

నలభై ఒక్క మంది పై మెట్టు మీద నిలబడి చూశారు. ఒక్కరూ తక్కువ కాలేదు. రెండేసిసార్లు లెక్కపెట్టారు.

అప్పుడు వచ్చింది మేనేజరు జీపు. ఆయన గుంటకేసి చూడలేదు. తిన్నగా దుర్భిణమ్మ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. "పుస్తకం ఇటివ్వు. నిన్నటి తేదీ వేసి మార్పు లేదని రాసిపెట్టు. ప్రాణనష్టం లేదుగా, అందరం బయటపడతాం."

ఆవిడ పుస్తకం తెరిచింది. ప్రతి పేజీ అడుగునా ఒక గడి ఉంటుంది, కర్ర పట్టినవారి పేరు రాయడానికి. అందులో పెన్సిలుతో గట్టిగా నొక్కి రాసింది, బావ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

మేనేజరు వంగి చదివాడు. "వాడు పని మానేసి వెళ్ళిపోయాడు. రికార్డుల్లో ఉంది."

"ఇవాళ డ్యూటీకొచ్చాడు సార్. ఎనిమిది ఇళ్ళకి కొలత ఇచ్చాడు. ఆర్నెల్ల జీతంతో సహా రికార్డు మార్చుకోండి. సంతకం నాది, ఇదుగో." పెట్టేసింది.

ఆయన నోరు తెరిచాడు. ఈలోగా పొడుగన్న ఆవిడ భుజం తట్టాడు. గుంట వైపు చూపించాడు.

మసక వెలుతురులో నీళ్ళ మధ్య అంకెల కర్ర నిలబడి ఉంది. నీళ్ళలో పడ్డ కర్ర పక్కకి పడుకుని తేలాలి. ఇది తేలడం లేదు. గుండు కట్టి దించినట్టు తిన్నగా ఉంది. నెమ్మదిగా, మనిషి నడిచే వేగంతో, ఒడ్డుకేసి వస్తోంది.

"అందర్నీ తీసుకుని ఆఫీసు వెనక రాతి గుట్టెక్కు," అంది దుర్భిణమ్మ పొడుగన్నతో. "అక్కా, నువ్వూ వెళ్ళు. వెనక్కి చూడకు." వాళ్ళు వెళ్ళారు. మేనేజరు కాళ్ళు మాత్రం కదల్లేదు.

కర్ర ఒడ్డుకి వచ్చింది. అక్కడ ఆగాలి, ఆపైన అంతా గట్టి నేల. ఆగలేదు. రాయి కదల్లేదు, గడ్డిపోచ వంగలేదు. నీళ్ళలో వచ్చినట్టే నేలలోనూ వచ్చింది. ఆవిడ పక్కనుంచి పోయింది. మేనేజరు జీపు ముందు, ఆయన బూట్లకి మూరెడు దూరంలో ఆగింది.

"ఎ… ఎంత?" అన్నాడాయన.

దుర్భిణమ్మ పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది.

"మీరే చదవండి సార్. నేను రాసుకుంటా."

కర్ర మీద బొటనవేలంత తడి మచ్చ ఒకటి ఉంది. అది కిందికి పాకుతోంది…